టీ డబ్బా మైక్రోస్కోపు

మొన్న ఆదివారం మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఉల్లిపొర తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ముందు ఏమీ కనపళ్ళేదు. అయొడిన్ చుక్క వేసేసరికి కణాలు, కేంద్రకాలు అన్నీ బయటపడ్డాయి. "నాన్నా, ఇవి ముందే ఉన్నాయా, రంగు వెయ్యడం వల్ల వచ్చాయా?" అని అడిగింది. నేను "ముందే ఉన్నాయమ్మా" అని తేల్చేశాను. "నీకెలా తెలుసు?" అంది. నోట మాట రాలేదు!

నిజానికి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న మీద యాభై ఏళ్ళకి పైగా కొట్టుకున్నారు. ఆ గొడవ తీర్చినాయన పేరు షిన్యా ఇనొవే. మన ఐటీ వాళ్ళలో ఈయన పేరు విన్నవాళ్ళు తక్కువే అనుకుంటాను, అందుకే ఈ టపా.

గొడవేంటంటే, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములని చెరోవైపు లాగే సన్నటి పోగులు కనిపిస్తాయి. వీటిని కండె పోగులు అంటారు (మగ్గం కండె ఆకారంలో ఉంటాయి కాబట్టి). 1870ల్లో మొక్కల్లో స్ట్రాస్‌బర్గర్, జంతువుల్లో ఫ్లెమింగ్ వీటిని చక్కగా బొమ్మలు గీసి చూపించారు. చిక్కేమిటంటే వాళ్ళు చూసినవి ఎక్కువగా రసాయనాల్లో చంపి, రంగులద్దిన కణాలు. బతికున్న కణంలో చూస్తే అక్కడ ఖాళీ జాగా తప్ప పోగులు సరిగ్గా కనపడేవి కావు. పైగా 1899లో విలియం హార్డీ అనే ఆయన, ఉత్త ప్రోటీన్ ద్రావణంలో అవే రసాయనాలు పోసినా పోగులూ వలలూ ఏర్పడతాయని చూపించాడు. ఇంకేముంది, "మీ కండె పోగులు మీ రసాయనాలు పుట్టించినవే" అనే వర్గం తయారైంది.

మన భాషలో చెప్పాలంటే, వాళ్ళ దగ్గరున్నది కోర్ డంప్ మాత్రమే. నడుస్తున్న సిస్టం లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు.

ఇనొవే 1921లో లండన్‌లో పుట్టిన జపనీయుడు. ఆయన గురువు కత్సుమా డాన్ గురించి ఒక మాట చెప్పాలి. యుద్ధ కాలంలో జపాన్‌లోని మిసాకి మెరైన్ బయాలజీ కేంద్రాన్ని నేవీ తీసేసుకుని చిన్న సబ్‌మెరైన్ల స్థావరం చేసింది. 1945లో జపాన్ లొంగిపోయాక అమెరికన్ సైనికులు అక్కడికి వస్తున్నారని తెలిసి, డాన్ తలుపు మీద ఇంగ్లీషులో ఒక కాగితం అంటించి వెళ్ళాడు. ఆయుధాలు ధ్వంసం చేసుకోండి, చదువుకునే పిల్లల పరికరాల జోలికి మాత్రం పోకండి అని దాని సారాంశం. ఆ కాగితం ఎలాగో అమెరికాలోని ఉడ్స్ హోల్ మెరైన్ బయాలజీ లాబ్‌కి చేరింది. మిసాకి లాబ్ బతికిపోయింది.

ఆ లాబ్‌లోనే ఇనొవే తన మొదటి మైక్రోస్కోపు కట్టుకున్నాడు. మెషిన్ గన్ దిమ్మ దానికి స్టాండు, టీ డబ్బా దీపానికి గూడు. దొరికిన ముక్కలు కలిపి కట్టిన జుగాడ్ అన్నమాట. 1948లో ప్రిన్స్‌టన్ వెళ్ళి, 1951లో డాక్టరేటు పూర్తిచేశాడు.

ఆయన వాడింది ధ్రువిత కాంతి, అంటే పోలరైజ్డ్ లైట్. రెండు పోలరాయిడ్ ఫిల్టర్లు ఒకదానికొకటి అడ్డంగా పెడితే వెలుతురు ఆగిపోతుంది. మధ్యలో అణువులు ఒక వరసలో పేర్చి ఉన్న వస్తువేదైనా ఉంటే అది మాత్రం చీకట్లో మెరుస్తుంది. రంగు అక్కర్లేదు, కణాన్ని చంపక్కర్లేదు. కానీ కండె ఇచ్చే సిగ్నల్ మరీ బలహీనం, కాంతి తరంగదైర్ఘ్యంలో నూరో వంతు కూడా లేని తేడా. లెన్సుల వంపుల దగ్గర కారిపోయే వెలుతురే దాన్ని మింగేస్తుంది. నాయిస్ తగ్గించడమే ఆయన జీవితకాలపు పని అయిపోయింది.

1953లో ఫలితం వచ్చింది. లిల్లీ పువ్వు పుప్పొడి మాతృకణాలని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడ్డొచ్చే రేణువులని పక్కకి నెట్టి చూశాడు. బతికున్న కణంలో కండె పోగులు మెరుస్తూ కనిపించాయి! అప్పటిదాకా ఉన్న అనుమానం తీరిపోయింది, పోగులు ముందే ఉన్నాయి.

ఇంకో తమాషా. చల్లబరిస్తే ఆ పోగులు నిమిషాల్లో మాయం, వెచ్చబెడితే మళ్ళీ ప్రత్యక్షం. అంటే అవి గట్టి తాళ్ళు కావు, విడి ఇటుకలు చేరుతూ ఊడుతూ ఉండే కట్టడాలు. ఇటుకలు ఊడిపోవడమే క్రోమోజోముని లాగగలదు అని ఆయన వాదన. విప్పుకుపోయే తాడు బరువెలా లాగుతుంది అని చాలామంది నమ్మలేదు. 1988లో వేరేవాళ్ళు పరీక్షనాళికలో అది సాధ్యమేనని చూపించారు. ఈలోగా 1963లో లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మొక్క కణాల్లో సన్నటి గొట్టాలు చూసి మైక్రోట్యూబ్యూల్ అని పేరుపెట్టారు. కండె పోగులు వీటి కట్టలే.

ఇక మనకి బాగా నచ్చే భాగం. 1981లో ఇనొవే, రాబర్ట్ ఆలెన్ విడివిడిగా మైక్రోస్కోపుకి వీడియో కెమెరా, ఇమేజ్ ప్రాసెసర్ తగిలించిన పద్ధతులు ప్రచురించారు. కిటుకు మనందరికీ తెలిసిందే. ఖాళీ ఫ్రేము ఒకటి దాచుకుని, వచ్చే ప్రతి ఫ్రేములోంచి దాన్ని తీసెయ్యడం. లెన్సు మీది మచ్చలన్నీ పోతాయి, అసలు బొమ్మ మిగుల్తుంది. మామూలు మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని విడదీయలేదు. కానీ ఈ పద్ధతిలో 25 నానోమీటర్ల మైక్రోట్యూబ్యూల్ ఒంటరిగా ఉంటే దాని ఉనికి పట్టుకోవచ్చు.

ఈ దారిలోనే మిగతావాళ్ళూ నడిచారు. 2006లో స్టాన్‌ఫర్డ్‌లోని కార్నెగీ సంస్థ వాళ్ళు మెరిసే ప్రోటీన్ తగిలించి, మొక్క కణంలో సెల్యులోజ్ అల్లే యంత్రాలు మైక్రోట్యూబ్యూళ్ళ వెంట పట్టాల మీద రైళ్ళలా పోవడం బతికున్న మొక్కలోనే చూశారు. మనం కట్టే నూలుబట్టంతా సెల్యులోజే కదా! మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ మందు పిల్లల బ్లడ్ కాన్సర్‌లో పనిచేసేది కూడా ఈ మైక్రోట్యూబ్యూళ్ళు కట్టుకోకుండా ఆపే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే... ఒకప్పుడు నేను రెండు వారాలు కూర్చుని ఒక ట్రేసింగ్ టూల్ రాస్తే, మా మేనేజరు "ఇది ఏ క్లయింటుకి బిల్ చెయ్యాలి?" అన్నాడు. ఆపేశాను. ఏడాదిపాటు లాగ్ ఫైళ్ళు చూసి ఊహించుకుంటూ బగ్గులు వెతికాం. టూలు చేసేవాడిది పక్కపని అని మనకో నమ్మకం. ఇనొవే 2019లో, 98వ ఏట పోయేదాకా మైక్రోస్కోపుల మనిషిగానే ఉన్నాడు. చూసే పరికరం లేకపోతే వాదనలే మిగుల్తాయి, జవాబులు రావు అనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

మా అమ్మాయికి బాకీ పడ్డ జవాబు సాయంత్రం తీర్చాను. ఎల్‌సీడీ లాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి, పోలరాయిడ్ కళ్ళద్దాలు తెర నల్లబడేదాకా తిప్పి, మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెట్టాం. స్కేలు నిండా రంగులు! "రంగెవరు వేశారు?" అన్నాను. కాసేపు ఆలోచించి "ఎవరూ వెయ్యలేదు, ముందే ఉంది" అంది.

మీ ఇంట్లోనూ ఓసారి చేసి చూడండి.