భైంసా ప్రాంత గల్ఫ్ వలసజీవుల దైనందిన జీవితం

నిర్మల్ జిల్లాలోని భైంసా పట్టణం, దాని చుట్టూ ఉన్న ముధోల్, కుభీర్, తానూర్, లోకేశ్వరం, కుంటాల, బాసర మండలాల నుంచి బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయే కార్మికుల రోజువారీ జీవితం ఈ వ్యాసంలోని విషయం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఈ వలసకు గమ్యాలు. నిర్మల్‌తో పాటు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలు కూడా ఈ వలసకు పేరుపడ్డవే. ఈ పల్లెల్లో దేశం పేరు అడిగే ముందు "ఏ వీసా మీద పోయిండు?" అని అడుగుతారు. అక్కడి గది, కూలి, సెలవు, చివరికి తిరుగు ప్రయాణం కూడా ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఉంటాయి.

నేపథ్యం

1956కు ముందు భైంసా, ముధోల్, కుభీర్ ప్రాంతాలు హైదరాబాద్ రాష్ట్రంలోని నాందేడ్ జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో అవి ఆదిలాబాద్ జిల్లాకు, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన నిర్మల్ జిల్లాకు వచ్చాయి. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపించే ఊరు కావడంతో ఇక్కడి వారికి గల్ఫ్‌లో భాష పెద్ద అడ్డంకి కాదు. అక్కడి పని స్థలాల్లో హిందీ, ఉర్దూ కలిసిన మాటే ఎక్కువగా నడుస్తుంది.

పత్తి, సోయాబీన్ పండే నల్లరేగడి నేలలివి. వాన తప్పినా ధర పడిపోయినా అప్పు మిగులుతుంది. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాల నిర్మాణం ఊపందుకుని లక్షల మంది కూలీల అవసరం వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలయ్యే వరకు ఈ ప్రాంతం వాళ్లలో చాలామందికి ముంబయే వాకిలి. బాసరలోనో నిజామాబాద్‌లోనో రైలెక్కి ముంబయి చేరి, అక్కడ ఏజెంటు చూపిన గదిలో వీసా కోసం వారాల తరబడి ఎదురు చూసేవారు.

వీసా, అప్పు

కంపెనీ వీసా మీద వెళ్లినవారికి పని, బస, జీతం ఒప్పందంలో రాసి ఉంటాయి. 'ఆజాద్ వీసా' అనేది ఏ దేశ చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక యజమాని పేరు ఉంటుంది, పని మాత్రం బయట ఎక్కడో వెతుక్కోవాలి. ఆ యజమానికి ఏటా డబ్బు కట్టాలి. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరడం ఇంకా ప్రమాదం, ఆ వీసా మీద పని చేయడమే నేరం.

ఈ మూడింటికీ వెనుక ఉన్నది కఫాలా పద్ధతి. పనిచేసే వ్యక్తి నివాస అనుమతి యజమాని, అంటే కఫీల్, పేరుతో ముడిపడి ఉంటుంది. 'అకామా' అని పిలిచే ఆ కార్డును సమయానికి పునరుద్ధరించాల్సిన బాధ్యత యజమానిదే, పునరుద్ధరించకపోతే పోలీసులు పట్టుకునేది కార్మికుణ్ణి. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. సౌదీ 2021లో కొంత సడలింపు ఇచ్చింది, అయితే ఇంటి పనివారికి, డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు దాన్ని వర్తింపజేయలేదు.

భారత చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు, అడిగే మొత్తం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చిన ఆ అప్పు తీరాకే సంపాదన మొదలైనట్టు లెక్క.

గది, క్యాంపు

నిర్మాణ, క్లీనింగ్ కంపెనీల కార్మికులు లేబర్ క్యాంపుల్లో ఉంటారు. దుబాయిలో సోనాపూర్, జెబెల్ అలీ, అబుదాబిలో ముసఫ్ఫా, దోహాలో సనాయియా, కువైట్‌లో జలీబ్ ఈ పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన పేర్లు. ఒక గదిలో అంతస్తు మంచాలు, ఒక్కో మంచానికి చుట్టూ చీరతోనో దుప్పటితోనో కట్టిన తెర. ఆ తెర లోపలే మనిషి సొంత ఇల్లు: తలగడ పక్కన దేవుడి పటం లేదా ఖురాను, గోడకు పిల్లల ఫొటో, మంచం కింద సూట్‌కేసు, అందులో ఊరికి తీసుకెళ్లడానికి నెలనెలా కొని దాచే వస్తువులు. బాత్రూముకు, పొయ్యికి వంతులుంటాయి.

ఆజాద్ వీసా వాళ్లు ఊరివాళ్లతో కలిసి పాత భవనాల్లో 'బెడ్ స్పేస్' తీసుకుంటారు. కిక్కిరిసిన ఇలాంటి బసల్లో అగ్ని ప్రమాదం జరిగితే తప్పించుకోవడం కష్టం. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు.

పని రోజు

తెల్లవారుజామున 4 గంటలకే క్యాంపు లేస్తుంది. దుబాయి కాలం మనకంటే గంటన్నర, కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ కాలం రెండున్నర గంటలు వెనక. టిఫిన్ డబ్బాలతో బస్సెక్కి సైటుకు చేరేసరికి వెలుగు వస్తుంది. మేసన్, కార్పెంటర్, స్టీల్ ఫిక్సర్, హెల్పర్, క్లీనర్, డ్రైవర్ ఎక్కువగా దొరికే పనులు. ఎడారిలోని మజ్రాల్లో, అంటే తోటల్లో, ఒంటెల, గొర్రెల దగ్గర పనిచేసేవారు మరో తీరుగా బతుకుతారు. వాళ్లకు తోటి మనిషి ముఖం కనిపించడమే అరుదు.

వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని అన్ని గల్ఫ్ దేశాల్లోనూ నిబంధన ఉంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా విరామం ఇవ్వాలి. ఎండదెబ్బ, మూత్రపిండాల జబ్బు, నిద్రలోనే ఆగిపోయే గుండె ఈ కార్మికుల కుటుంబాలను వెంటాడే భయాలు.

తిండి

నలుగురైదుగురు ఊరివాళ్లు కలిసి 'మెస్' పెట్టుకుంటారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి వంతులవారీగా వండుకుంటారు. పొద్దున్నే కుబ్బూస్ రొట్టె, చాయ్. రాత్రి అన్నం, పప్పు లేదా చికెన్, మరునాటి డబ్బాకూ అదే. జొన్నరొట్టె తిని పెరిగిన భైంసావాళ్లకు కుబ్బూస్ కడుపు నింపినా మనసు నింపదు. అందుకే ఊరి నుంచి ఎవరు బయలుదేరినా వాళ్ల పెట్టెలో పది ఇళ్ల మామిడికాయ తొక్కు, కారప్పొడి, సంక్రాంతి రోజులైతే సకినాలు ఉంటాయి.

ఈ పెట్టె సర్దేటప్పుడు ఇంట్లోవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన వంటింట్లో మసాలాకు వాడే గసగసాలు గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యాల కింద నిషిద్ధం. చిన్న పొట్లం దొరికినా జైలు పాలవుతారు. డాక్టరు చీటీ లేని కొన్ని నొప్పి మాత్రలకూ, నిద్ర మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

సెలవు రోజు, ఫోను

వారానికి ఒక్క సెలవు, చాలాచోట్ల శుక్రవారం. బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఊరివాళ్ల గదికి వెళ్లి రావడం, డబ్బు పంపడం అన్నీ ఆ రోజే. బతుకమ్మ, దసరా, వినాయక చవితి, రంజాన్ వేడుకలను తెలంగాణ సంఘాలు దగ్గర్లోని సెలవు రోజుకు జరుపుకుంటాయి.

ఒకప్పుడు ఉత్తరం, మాటలు నింపిన క్యాసెట్టు ఇంటికి చేరడానికి వారాలు పట్టేది. ఇప్పుడు రోజూ వీడియో కాల్ ఉంది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి బోటిమ్ వంటి యాప్‌లు వాడుకుంటారు. పాప మొదటి అడుగు, పొలంలో బోరు పడటం, నాన్న అంత్యక్రియలు కూడా ఎంతోమంది ఆ చిన్న తెర మీదే చూశారు.

ఇంటి దగ్గర

పంపిన డబ్బు మొదట అప్పుకు, తర్వాత ఇంటి స్లాబుకు, పిల్లల చదువుకు, ఆడపిల్ల పెళ్లికి పోతుంది. మగమనిషి లేని ఇంట్లో సేద్యం, బ్యాంకు, ఆసుపత్రి, అత్తమామల బాగోగులు అన్నీ భార్య మీదే. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో ఎందరో ఆడవాళ్లు బీడీలు చుట్టి రోజువారీ ఖర్చు వెళ్లదీస్తూ, గల్ఫ్ డబ్బును అప్పు కోసం కదపకుండా ఉంచుతారు. గల్ఫ్ సంపాదనలో సగం శ్రమ ఈ ఇల్లాళ్లది.

గల్ఫ్‌లో ఇతర ప్రవాసులు

కువైట్ 1961 వరకు, ఖతార్, బహ్రెయిన్, నేటి ఎమిరేట్స్ 1971 వరకు బ్రిటిష్ రక్షణ కింద ఉన్నాయి. 1960ల దాకా ఈ తీరంలో భారత రూపాయి చెల్లేది. ఆ పాత సంబంధంతో ఇంజనీర్లుగా, బ్యాంకు అధికారులుగా, టీచర్లుగా వచ్చిన బ్రిటిష్ వాళ్లు దుబాయిలో నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నారు. చట్టం దృష్టిలో వాళ్లవీ గడువున్న వీసాలే, చాలామందికి అక్కడి పౌరసత్వం రాదు. తేడా జీతంలో ఉంది. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు బస ఉండాలి. బ్రిటిష్ ఉద్యోగి భార్యాపిల్లలతో విల్లాలో ఉంటూ పిల్లలను బ్రిటిష్ సిలబస్ బడికి పంపగలడు. వెయ్యి దిర్హాముల చుట్టూ జీతం వచ్చే భైంసా మేస్త్రీకి ఆ గడప దాటే దారి లేదు. ఇరవై ఏళ్లు పనిచేసినా అతను ఒంటరిగానే ఉంటాడు. ఇది నిబంధన చేసిన అన్యాయం.

ఆపద కాలం

జీతం ఇవ్వని చోటు నుంచి బయటపడి కాగితాలు లేకుండా పనిచేసేవారిని 'ఖల్లివెల్లి' అంటారు. ఆసుపత్రికి వెళ్లలేరు, పోలీసును చూస్తే తప్పుకోవాలి, ఊరికి రాలేరు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడే వీళ్లు రాయబార కార్యాలయంలో ఔట్‌పాస్, అంటే తిరుగు ప్రయాణానికి ఇచ్చే తాత్కాలిక పత్రం, తీసుకుని వస్తారు. కువైట్ 2018లో, 2024లో, ఎమిరేట్స్ 2018లో, 2024లో అలాంటి అవకాశం ఇచ్చాయి.

మరణిస్తే శవపేటిక ఇల్లు చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, యజమాని సంతకం, రాయబార కార్యాలయం అనుమతి అన్నీ కావాలి. ఖర్చు భరించేవారు లేనప్పుడు 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి సాయం అందుతుంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని 2024లో ప్రకటించింది.

హక్కులు, రక్షణలు

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్లు గల్ఫ్‌కు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. గుండెపోటు వంటి సహజ మరణానికి ఇది వర్తించదు. ఆ లోటును సరిదిద్దాలని వలస కార్మికులు కోరుతున్నది న్యాయమైన కోరిక. 2020లో కేంద్రం గల్ఫ్ కొలువుల కనీస వేతన సూచికలను తగ్గించినప్పుడు తెలంగాణ కార్మికుల తరఫున హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి.

ఎమిరేట్స్‌లో పని ముగించి వచ్చేవారికి మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూల వేతనం గ్రాట్యుటీగా రావాలి. దీన్ని అడగకుండానే విమానం ఎక్కేవాళ్లు చాలామంది.

ప్రయాణానికి ముందు ఇంట్లో అందరూ కూర్చుని నాలుగు సంగతులు చూసుకోవాలి: ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఏజెంటు లైసెన్సు, ఒప్పంద పత్రంలో జీతం, బీమా పాలసీ నంబరు, కట్టిన ప్రతి రూపాయికి రసీదు. ఆ కాగితాల నకళ్లు ఒక జత ఇంట్లో భార్య చేతిలో తప్పక ఉండాలి. ఆపద వచ్చిన రోజు రాయబార కార్యాలయం మొదట అడిగేవి అవే.