పీటీహెచ్ అంకె ఒక్కటే చూసి కంగారు పడొద్దు: ఈ రక్తపరీక్ష వెనకున్న చరిత్ర



ఊళ్ళ చరిత్ర, వలసల చరిత్ర మనం చాలా చదువుకున్నాం. ఈసారి ఒక రక్తపరీక్ష చరిత్ర చదువుకుందాం. మన పెద్దవాళ్ళ రిపోర్టుల్లో ఈమధ్య పీటీహెచ్ అనే పేరు తరచుగా కనబడుతోంది. ఎముకల నొప్పులు, కిడ్నీలో రాళ్ళు, డయాలసిస్ ఉన్నవాళ్ళకు డాక్టర్లు ఈ పరీక్ష రాస్తారు. అంకె పక్కన ‘ఎక్కువ’ అని ఉంటే ఇంట్లో కంగారు మొదలవుతుంది. థైరాయిడ్ పెరిగిందని ఒకరు, క్యాన్సరేమోనని ఇంకొకరు. అసలు సంగతి తెలియాలంటే కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ హార్మోన్. మెడలో థైరాయిడ్ వెనకాల కందిపప్పు బద్దంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. పక్కన ఉన్నాయని ఆ పేరు వచ్చింది గానీ, థైరాయిడ్ పనికీ వీటి పనికీ సంబంధం లేదు. రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాయడం వీటి పని. కాల్షియం తగ్గితే హార్మోన్ పెంచుతాయి. అది ఎముకల నుంచి కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోకుండా కిడ్నీచేత ఆపిస్తుంది, విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్పిస్తుంది.

ఈ గ్రంథిని మొదట గుర్తించింది మనిషిలో కాదు, మన దేశపు ఖడ్గమృగంలో. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన జంతువును పరిశీలించి రిచర్డ్ ఓవెన్ 1850లో ఆ సంగతి చెప్పారు. మనుషుల్లో ఉన్నాయని వివరంగా రాసింది స్వీడన్‌లోని ఉప్సాలాలో వైద్యవిద్యార్థి ఈవార్ శాండ్‌స్ట్రోమ్, 1880లో. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ తర్వాత వీటిని తీసేస్తే జంతువులకు చేతులూ కాళ్ళూ కొంకర్లు పోతాయని తేలింది. 1909లో మెకల్లం, వోగ్ట్‌లిన్ అనే ఇద్దరు ఆ కొంకర్లు కాల్షియం ఇస్తే తగ్గుతాయని చూపించారు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఎముకలు మెత్తబడి విరిగిపోయే రోగుల్లో ఈ గ్రంథులు ఉబ్బి కనబడేవి. ఎముకలు పాడైనందుకు గ్రంథి పెరిగిందా? గ్రంథి పెరిగినందుకు ఎముకలు పాడయ్యాయా? వియన్నాలో ఎర్డ్‌హైమ్ మొదటి మాట అన్నారు. ఆ ఊళ్ళోనే ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జన్ దగ్గరికి ఎముకలు గుల్లబారిన ఒక ట్రాము కండక్టరు వచ్చాడు. మాండ్ల్ కూడా ముందు ఆ మాటే నమ్మారు. గ్రంథి బలం చాలడం లేదనుకుని గ్రంథి సారం ఇచ్చారు, వేరే గ్రంథిని తెచ్చి అతికించారు. గుణం కనబడలేదు. 1925లో మెడ తెరిచి, పెరిగిన గడ్డను తీసేస్తే రోగి కోలుకోవడం మొదలైంది. చేయవలసిన వైద్యానికి సరిగ్గా ఎదురు వైద్యం ముందు జరిగిందన్నమాట. హార్మోన్ ఎక్కువుందో తక్కువుందో కొలిచే దారి అప్పుడు లేదు.

అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్ కథ ఇంకా బాధాకరం. ఎముకలు కుంగి ఎత్తు సుమారు 18 సెంటీమీటర్లు తగ్గిపోయాడు. ఆరు ఆపరేషన్లలో మెడంతా వెతికినా గడ్డ దొరకలేదు. 1932లో ఏడోసారి ఛాతీలో దొరికింది. కానీ కొన్ని వారాలకే ఆయన పోయాడు.

కొలిచే దారి చూపింది న్యూయార్కులోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసిన ఇద్దరు: భౌతికశాస్త్రం చదివిన రోజలిన్ యాలో, డాక్టర్ సాలమన్ బెర్సన్. హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీలనూ, రేడియోధార్మిక గుర్తు పెట్టిన హార్మోన్‌నూ రోగి రక్తంతో కలిపారు. రోగి హార్మోన్ ఎంత ఎక్కువుంటే గుర్తు పెట్టినదానికి అంత తక్కువ చోటు మిగులుతుంది. దాన్నిబట్టి లెక్క కట్టడమే. ముందు ఇన్సులిన్‌ను, 1963లో ఆర్బాక్, పాట్స్‌లతో కలిసి పారాథైరాయిడ్ హార్మోన్‌ను ఇలా కొలిచారు. ఆ పద్ధతికి వాళ్ళు పేటెంటు తీసుకోలేదు. బెర్సన్ 1972లో పోయారు, యాలోకు 1977లో నోబెల్ వచ్చింది.

అయితే 1968లో వాళ్ళే ఇంకో చిక్కు బయటపెట్టారు. ఒకే రక్తానికి వేర్వేరు యాంటీబాడీలతో వేర్వేరు అంకెలు వస్తున్నాయి. 84 అమైనో ఆమ్లాల ఈ హార్మోన్ రక్తంలో ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని బయటికి పంపే పని చాలావరకు కిడ్నీది. కిడ్నీ చెడితే ముక్కలు పేరుకుని అంకె లేనిపోని ఎత్తుకు పోయేది. 1987లో రెండు చివర్లనూ రెండు యాంటీబాడీలతో పట్టే పరీక్ష వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. రిపోర్టులో ‘ఇంటాక్ట్’ అనే మాటకు అర్థం ఇదే. అదీ పూర్తిగా కాదు, కొన్ని పెద్ద ముక్కలు ఇంకా లెక్కలోకి వస్తాయని తర్వాత తేలింది. అందుకే బెంగళూరు ల్యాబు అంకెను బరంపురం ల్యాబు అంకెతో సరిపోల్చి పెరిగింది, తగ్గింది అనుకోకూడదు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోవాలి.

ఇప్పుడు మన నేల సంగతి. అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ఫ్లోరోసిస్ గురించి 1937లో వైద్య పత్రికలో వచ్చింది. ఎముకల ఫ్లోరోసిస్ రోగుల్లో పారాథైరాయిడ్ హార్మోన్ పెరగడం 1973లో మన దేశపు వైద్యులే చూపించారు. తిరుపతి స్విమ్స్‌లో 2000 తర్వాత జరిగిన అధ్యయనాల్లో, ఆరోగ్యంగా కనబడే జనంలో కూడా చాలామందికి విటమిన్ డి తక్కువనీ, తిండిలో కాల్షియం చాలడం లేదనీ తేలింది. అలాంటప్పుడు గ్రంథి తన పని తాను చేస్తూ హార్మోన్ పెంచుతుంది. తప్పు దానిది కాదు.

వియన్నాలో వచ్చిన ప్రశ్నే ఈరోజు మన రిపోర్టు ముందు కూడా ఉంది: తప్పు గ్రంథిదా, గ్రంథి ఇంకేదో లోటు పూడుస్తోందా? జవాబు పీటీహెచ్ అంకెలో ఒక్కదానిలోనే దొరకదు. పక్కన కాల్షియం చూడాలి.

కాల్షియం, పీటీహెచ్ రెండూ ఎక్కువుంటే గ్రంథిలో గడ్డ ఉందేమోనని డాక్టర్లు వెతుకుతారు. అది చాలావరకు క్యాన్సర్ కాని గడ్డే. కాల్షియం తక్కువో మామూలో ఉండి పీటీహెచ్ ఎక్కువైతే విటమిన్ డి, కిడ్నీ పనితీరు చూస్తారు. కాల్షియం ఎక్కువై పీటీహెచ్ బాగా తగ్గితే కారణం వేరేచోట ఉంటుంది, దాన్ని ఆలస్యం చేయకూడదు. రెండూ తక్కువైతే, ముఖ్యంగా థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత, గ్రంథులు దెబ్బతిన్నాయేమో చూడాలి.

డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు మామూలు హద్దు వర్తించదు. మామూలు పై హద్దుకు రెండు నుంచి తొమ్మిది రెట్ల మధ్య ఉండేలా చూడమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఉద్దానంలో బంధువులున్న మన ఒడిశా సభ్యులు ఇది గుర్తుంచుకుంటే అనవసరపు భయం తగ్గుతుంది.

చివరిగా మూడు మాటలు. పీటీహెచ్, కాల్షియం ఒకేసారి తీయించుకోండి. చాలా ల్యాబుల్లో రెండు వేర్వేరు గొట్టాల్లో రక్తం తీస్తారు, అది సరైనదే. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, కొన్ని పరీక్షల్లో అంకె తప్పు వస్తుంది. కాల్షియం ఎక్కువుందో తక్కువుందో తెలియకుండా, ఎవరో చెప్పారని కాల్షియం మాత్రలు మొదలుపెట్టకండి. ఆ ట్రాము కండక్టరుకు ఎదురు వైద్యం జరిగిన రోజుల్లో కొలిచే పరీక్ష లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి, పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.