ఆ విమానం కరీంనగర్ చేరలేదు

2004 ఏప్రిల్ 17, శనివారం. బెంగళూరు ఉత్తరాన జక్కూరు ఎయిర్‌స్ట్రిప్ దగ్గర మీరు నిలబడి ఉన్నారనుకోండి. పదకొండు కావస్తోంది, ఎండ చురుక్కుమంటోంది. ఎదురుగా నాలుగు సీట్ల సెస్నా 180. ఒకటే ఇంజిన్, క్యాబిన్ నెత్తిన రెక్కలు, తోక కింద బుల్లి చక్రం. ఆ చక్రం వల్ల నేల మీదున్నంత సేపూ దాని ముక్కు పైకెత్తే ఉంటుంది.

ఎక్కినవాళ్లు నలుగురు: సినీనటి సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్, ఒక బీజేపీ కార్యకర్త, పైలట్. ప్రయాణం కరీంనగర్‌కి, బీజేపీ-టీడీపీ కూటమి ప్రచారానికి. సౌందర్య బీజేపీలో చేరింది ఆ ఏడాదే.

అక్కడ పోలింగ్‌కి మూడు రోజులే గడువు. మెట్‌పల్లి నుంచి మూడుసార్లు ఎమ్మెల్యేగా, 1998, 1999లలో కరీంనగర్ ఎంపీగా గెలిచిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు బీజేపీ తరఫున మళ్లీ బరిలో ఉన్నారు. ఎదుట కె. చంద్రశేఖర్‌రావు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ అప్పుడు ఒకే కరీంనగర్ జిల్లా. ఎటు చూసినా జెండాలు, మైకులు కట్టిన జీపులు.

ఇక్కడ జక్కూరులో ఇంజిన్ హోరు పెరిగింది. విమానం కదిలింది, తోక లేచింది, చక్రాలు నేలను వదిలాయి.

పైలట్లకు క్షణం తీరికలేని నిమిషం ఇదే. వేగం ఇంకా పుంజుకోదు, కింద ఎత్తు ఉండదు. వేగం చాలకుండా ముక్కు ఎత్తినా, ఒరిగి మలుపు తిరిగినా రెక్కలు మోయడం మానేస్తాయి. వేల అడుగుల పైన అయితే ముక్కు దించి వేగం తెచ్చుకోవచ్చు. వంద అడుగుల్లో ఆ వీలేదీ? పైగా బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వేసవి వేడి తోడైతే గాలి పలచబడుతుంది. ఇంజిన్ బలం, రెక్కల బలం రెండూ తగ్గుతాయి. ఈదురుగాలి వీస్తే చిన్న విమానానికి మరీ కష్టం. అందుకే ఏ ఎయిర్‌స్ట్రిప్‌లోనైనా గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టాన్ని చూడకుండా పైలట్ బయల్దేరడు.

మీరు చూస్తుండగానే సెస్నా కాస్త పైకి లేచింది. అంతలోనే తూలింది. తూలడం చూశామని పక్కనున్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని వాళ్లు తర్వాత చెప్పారు. ఆ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలోనే అది కూలింది. ప్రయాణానికి నింపిన ఇంధనం భగ్గుమంది. కాపాడదామని పరుగెత్తినవాళ్లను మంటలు దగ్గరికి రానివ్వలేదు. నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇప్పుడు కోరుట్లకు రండి. అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారనుకోండి. లోపల టీవీలో వార్త. తునికాకు మీద కత్తెర ఆగింది. "ఏ సౌందర్యనే?" "మన సౌందర్యనే, అమ్మోరు సిన్మాల చేసింది గదా!" కన్నడ ఇంటి ఆడపిల్లను 'మన' అనడానికి ఇక్కడ ఎవరూ ఆలోచించరు. 'పవిత్రబంధం', 'అంతఃపురం', 'రాజా' చూసిన కళ్లవి. సిరిసిల్ల మరమగ్గాల మధ్య ఎవరైనా ఈ కబురు చెప్పాలంటే చెవి దగ్గర అరవాల్సిందే.

20న పోలింగ్ జరిగింది. మే 13న ఫలితం: చంద్రశేఖర్‌రావు గెలిచారు. సౌందర్య నటించిన కన్నడ 'ఆప్తమిత్ర' ఆగస్టులో విడుదలై ఘనవిజయం సాధించింది. ఆమె ద్రౌపదిగా బాలకృష్ణ మొదలుపెట్టిన 'నర్తనశాల' ఆగిపోయింది; తీసిన కొద్ది సన్నివేశాలు 2020లో బయటికొచ్చాయి.

జక్కూరులో తొందరే కొంప ముంచిందని నేననడం లేదు. కానీ సభలకూ కార్యక్రమాలకూ గగనమార్గాన బయల్దేరి తిరిగిరాని వాళ్ల వరస చిన్నదేం కాదు. 2001లో కాంగ్రెస్ నేత మాధవరావు సింధియా కాన్పూర్ సభకు వెళ్తూ పోయారు. 2009లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమానికి వెళ్తూ నల్లమలలో పోయారు. ఆ రెండుసార్లూ వాతావరణం బాగాలేదు. కాబట్టి సభలు పెట్టేవాళ్లకు ఒకటే మనవి. ఈ గాలికి ఎగరలేనని పైలట్ అంటే బతిమాలొద్దు, బెదిరించొద్దు. మైకు పట్టుకుని సభ రద్దయిందని చెప్పండి. జనం అర్థం చేసుకుంటారు.