కాకినాడ వ్యాపారులు, రాజమండ్రి లెక్క

మా కేసముద్రం డిగ్రీ పిల్లలకు కంట్రోల్ గ్రూపు పాఠం వచ్చినప్పుడు నేను కాకినాడ సంగతి ఎత్తుకుంటాను. మార్కెట్ యార్డు చుట్టూ పెరిగిన పిల్లలు, వ్యాపారుల మీద ప్రయోగమంటే చెవి ఒగ్గి వింటారు.

1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ మొదలుపెట్టింది. ఒక బొమ్మ చూపి కథ రాయమనేవారు. ఇందులో ఉన్నదెవరు, ఏం కోరుకుంటున్నాడు, చివరికి ఏమవుతుంది? ఆ కథలో సాధించాలన్న తపన ఎంతుందో ముందే రాసిపెట్టుకున్న నియమాల ప్రకారం మార్కులు వేసేవారు. మనసులోని మాట అంకెగా మారే ఈ ఘట్టం నాకు ఎంతో ఇష్టం.

తర్వాత ఆ వ్యాపారులు కొత్త పెట్టుబడి పెట్టారా, పనివాళ్లను పెంచారా అని ఆరా తీశారు. అది చాలదు, కాలం కలిసొచ్చి ఉండొచ్చు కదా! అందుకే పోల్చి చూడడానికి శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులనూ గమనించారు; కంట్రోల్ గ్రూపు అంటే వాళ్లే. అసలు శాస్త్రం ఇక్కడే ఉంది. శిక్షణ పొందినవాళ్లే ఎక్కువ చురుకుగా కనిపించారు. అయితే వాళ్లు ఇష్టపడి చేరినవాళ్లు, పైగా రెండు ఊళ్లూ ఒకటి కావు. తేడా మొత్తం శిక్షణదే అనలేం.

మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ ఈ ఫలితాలను 1969లో పుస్తకంగా తెచ్చారు. మన పల్లెల్లో శిక్షణ శిబిరాలు పెట్టే పెద్దలారా, పోల్చి చూడడానికి ఇంకో ఊరిని ముందే ఎంచుకోండి.