బల్ల తిరగేస్తే

చాలా ఏళ్ల తర్వాత బడికి వచ్చిన పాత విద్యార్థి ఎవరైనా మొదట తన తరగతి గదిలోకి తొంగిచూస్తాడు, తాను కూర్చున్న బల్ల ఇంకా ఉందేమోనని. పెదకూరపాడు స్టేషన్లో రైలు దిగి వచ్చినవాళ్లయినా, ఊళ్లోనే మిరప, పత్తి పండించుకుంటున్నవాళ్లయినా ఈ విషయంలో ఒకటే. నలుగురం ఇరుక్కుని కూర్చున్న బెంచీ, సిరాబుడ్డి పెట్టుకునే గుంట, కంపాస్ ముల్లుతో చెక్కిన పేర్లు... మన జ్ఞాపకాల్లో సగం ఆ చెక్క మీదే ఉన్నాయి. ఈ స్వర్ణోత్సవ సంచికలో గురువుల గురించి, భవనాల గురించి చాలామంది రాస్తారు. నేను బల్ల గురించి రాస్తాను. దాని చరిత్ర చూస్తే మన సంఘం ఇప్పుడు చేయదగ్గ పని ఒకటి కనబడుతుంది.

నిజానికి బల్ల మన చదువుకు ఆలస్యంగా వచ్చిన చుట్టం. వీధిబడిలో అరుగే తరగతి గది, ఇసుకే పలక. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలో ఎన్ని బడులున్నాయో చెప్పమని కలెక్టర్లను అడిగాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని 533 బడుల గురించి రాస్తూ, పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దే తీరు వివరించాడు. ఇంత తక్కువ ఖర్చుతో రాయడం నేర్పుతున్నారని మెచ్చుకున్నాడు కూడా. అంతకుముందే ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఇసుక రాతను ప్రవేశపెట్టి, 1797లో లండన్‌లో దానిమీద పుస్తకం వేశాడు. ఖర్చులేని మన ఇసుక పలక అలా ఇంగ్లండు బడుల దాకా వెళ్లింది.

కాగితం, సిరా, పరీక్షలు వచ్చాక ఇసుక చాలలేదు. 1854 నాటి వుడ్ తాఖీదుతో బడులకు గ్రాంటు, గ్రాంటుతో పాటు తనిఖీ వచ్చాయి. బల్లలు, బెంచీలు క్రమంగా హైస్కూలుకు గుర్తయ్యాయి. చిన్న తరగతుల్లో మాత్రం చాప, గోనెపట్టా, వట్టి నేల చాలాకాలం సాగాయి. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడి హైస్కూళ్లు వాటి కిందికి వచ్చాయి. మనలో పెద్దవాళ్లు కూర్చున్న బరువైన కర్ర బల్లలు ఆ కాలానివి.

ఆ బల్లకు ఒక మంచి గుణం ఉండేది. దాన్ని బాగుచేయడానికి కావలసిన నేర్పు ఊళ్లోనే ఉండేది. నాగలికి, బండికి పనిచేసే వడ్రంగే బడి బల్లకూ పనిచేసేవాడు. పల్నాటి ఎండకు చెక్క కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి, వానాకాలం చెమ్మకు మళ్లీ ఉబ్బుతాయి. కాబట్టి ఏటా ఒకసారి చెయ్యి పడాల్సిందే. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు ఉండాలన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని చదువులో భాగం చేయమంది. కొన్ని హైస్కూళ్లలో క్రాఫ్టు పీరియడు పెట్టి నేత, వడ్రంగం నేర్పేవారు. చిత్రిక పట్టడం తెలిసిన పిల్లవాడు బల్ల మీద కత్తితో గీసేముందు కాస్త ఆలోచిస్తాడు.

తర్వాత పరిస్థితి మారింది. క్రాఫ్టు పీరియడు వెనకబడింది, ఊరి వడ్రంగి పట్నం చేరాడు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అనుమతి లేకుండా అడవుల్లో చెట్లు కొట్టడాన్ని ఆపింది. అడవికి మేలు జరిగింది, కానీ టేకు ఇక చవక సరుకు కాదు. ఇనుప చట్రం మీద ప్లైవుడ్ వేసిన బల్లలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో గది, మరుగుదొడ్డి, తాగునీరు, ప్రహరీ ఉన్నాయి. బల్ల అనే మాట విడిగా లేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మనబడి నాడు-నేడు’ తొలి దశలో 15,715 బడులను తీసుకుని, చేయవలసిన పనుల జాబితాలో ఫర్నిచరును చేర్చింది. డబుల్ డెస్కులు వచ్చాయి. నేల మీద కూర్చున్న పిల్లలకు అది నిజంగా పండగే.

అయితే కొత్తవి వచ్చినచోట పాతవి ఏమయ్యాయి? నేనొకచోట చూశాను. ఓ మూల వరండాలో ఒకదానిమీద ఒకటి ఎక్కించిన బల్లలు. కింది వరస చెదలపాలు. మీదివాటికి కాలు విరిగిందో, పైచెక్క గీతలు పడిందో, అంతే లోపం. కొత్త డెస్కులకు కూడా నాలుగైదేళ్లు గడిస్తే ఇదే దశ. బల్ల ఒక్కసారిగా చావదు. ముందు ఒక స్క్రూ పోతుంది. అప్పుడు పట్టించుకోకపోతే బల్ల మొత్తం పోతుంది.

బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. ముందు బల్లలన్నీ ఆరుబయటకు తెచ్చి మూడు వరసలు చేయాలి. పైచెక్క మాత్రమే అరిగినవి ఒకటి, అతుకులు కదిలినవి రెండు, ఇక పనికిరానివి మూడు. మూడో వరస పారేయడానికి కాదు, మొదటి రెండింటికి కాళ్లు, పట్టీలు ఇవ్వడానికి. అతుకు వదులైతే మేకు దిగ్గొట్టకూడదు, చెక్క చీలుతుంది. పాత జిగురు గీకి, కొత్త జిగురు పట్టించి, తాడుతో బిగించి ఒక రాత్రి ఉంచాలి. ఇనుప చట్రమైతే తుప్పు గీకి, విరిగినచోట వెల్డింగు చేయించి, రెడాక్సైడు పూశాకే రంగు వేయాలి.

పైచెక్క గట్టి కర్రదైతే చిత్రిక పట్టి, గుంటలకు లప్పం పెట్టి, వార్నిష్ వేస్తే చాలు. దానిమీద సన్‌మైకా అంటించడం దండగ. ఎండకు చెక్క కుదించుకుంటే అంచులు లేస్తాయి. సన్‌మైకా ప్లైవుడ్‌కే తగినది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న షీటులో నాలుగు అడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు ముక్కలు ఆరు వస్తాయి. అంటే నలభై బల్లలకు ఏడు షీట్లు. ఒక జాగ్రత్త: ఇళ్లలో వాడే రంగుల్లో సీసం మీద 90 పీపీఎం హద్దు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. కాబట్టి పాత రంగును తడిపి రుద్దాలి, దుమ్ము లేవనివ్వకూడదు, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

అన్నిటికన్నా చవకైన ఉపాయం చివరికి దాచాను. చాలా పాత బల్లలకు పైచెక్క స్క్రూలతోనే బిగించి ఉంటుంది. విప్పి తిరగేస్తే, ఏ కలమూ తగలని అడుగుభాగం పైకొస్తుంది. కాస్త చిత్రిక, ఒక పూత వార్నిష్, అంతే. కొత్త చెక్క కొననక్కర్లేదు.

స్వర్ణోత్సవమంటే శిలాఫలకం, జ్ఞాపిక, కొత్త వస్తువు గుర్తుకు రావడం సహజం. ఈసారి దాతల పేర్లు రాసిన కొత్త బల్లలకు బదులు, ఒక వేసవి పని పెట్టుకుందాం. ఒక వడ్రంగికి, ఒక వెల్డరుకు కూలి ఇచ్చి, పక్కన మనం నిలబడదాం. జూన్‌లో బడి తెరిచేలోగా ఎన్ని లేస్తే అన్ని. ఆ తర్వాత ఏటా ఒక చిన్న మొత్తం స్క్రూలకు, జిగురుకు, వార్నిష్‌కు పక్కన పెడితే కొత్త డెస్కులు కూడా నిలబడతాయి.

మరి మనం చెక్కిన పేర్లు పోతాయని బెంగపడేవాళ్లు ఉంటారు. పోవు. చెక్క తిరగేస్తే అవి అడుగున అలాగే ఉంటాయి. పైన ఇప్పటి పిల్లలు రాసుకుంటారు.