బొమ్మకు కదలిక నేర్పిన 19 బైట్లు

1987 నాటికి అమెరికాలో ఇంటి కంప్యూటర్‌కు బయటి ప్రపంచంతో సంబంధం టెలిఫోన్ తీగ ద్వారానే. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని కంప్యూసర్వ్ సంస్థ ఆ తీగ మీదుగా వార్తలూ ఉత్తరాలూ అందించేది, వాడుకున్న గంటలను లెక్కకట్టి డబ్బు తీసుకునేది. సెకనుకు 2400 బిట్లు, అంటే 300 బైట్లు మోసే మోడెమ్ మీద 30 వేల బైట్ల బొమ్మ దిగడానికి కనీసం 100 సెకన్లు పట్టేది. పైగా ఒక్కో కంపెనీ కంప్యూటర్‌ది ఒక్కో పద్ధతి. ఒకదాంట్లో గీసిన బొమ్మ మరోదాంట్లో తెరుచుకునేది కాదు.

ఈ చిక్కు విప్పే పని ఆ సంస్థ ఇంజనీరు స్టీవ్ విల్‌హైట్ చేపట్టారు. అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ 1978లో ప్రతిపాదించిన కుదింపు పద్ధతిని టెర్రీ వెల్చ్ మెరుగుపరచి 1984లో ప్రచురించారు. బొమ్మలో మళ్లీ మళ్లీ కనిపించే రంగుల వరసకు ఒక సంకేతం ఇచ్చి, ఆ తర్వాత వరస బదులు సంకేతాన్నే రాయడం అందులోని కిటుకు. విల్‌హైట్ దీన్ని వాడుకున్నారు. రంగులు 256 దాటకుండా హద్దు పెట్టారు. అలా 1987 జూన్‌లో జిఫ్ (GIF) అనే బొమ్మల ఫార్మాట్ విడుదలైంది.

ఆ తొలి రూపంలోనే ఒక ఫైల్లో ఒకటికి మించి బొమ్మలు దాచుకునే వీలుంది. 1989లో వచ్చిన సవరణ మరికొన్ని వసతులు చేర్చింది. ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలో సెకనులో నూరోవంతుల లెక్కన చెప్పవచ్చు. ఒక రంగును పారదర్శకం చేయవచ్చు. తర్వాతి బొమ్మ వచ్చేముందు పాతదాన్ని ఉంచాలో చెరిపేయాలో నిర్ణయించవచ్చు. వీటన్నిటికన్నా దూరదృష్టి ఉన్న ఏర్పాటు ఇంకొకటి: ఏ సాఫ్ట్‌వేరైనా తన సొంత సమాచారం రాసుకోవడానికి ఫైల్లో కొంత జాగా వదిలిపెట్టారు. జిఫ్ యానిమేషన్ కోసం ఉద్దేశించినది కాదని, పరిమితంగా మాత్రం సాధ్యమేనని ఆ సవరణ వివరణ పత్రమే చెప్పింది.

ఆ పరిమితిని దాటించింది నెట్‌స్కేప్ బ్రౌజర్. దాని 2.0 వెర్షన్ 1996లో వచ్చింది. అంతవరకు జిఫ్‌లోని బొమ్మలు వరసగా వచ్చినా చివరిదాని దగ్గర ఆగిపోవాల్సిందే. నెట్‌స్కేప్ ఇంజనీర్లు ఆ ఖాళీ జాగాలో 19 బైట్లు రాశారు. అందులో 11 బైట్లు తమ బ్రౌజర్ పేరుకే పోయాయి. అసలు కబురు రెండు బైట్లది: ఎన్నిసార్లు తిప్పాలి? అక్కడ సున్నా ఉంటే అంతులేకుండా తిప్పమని అర్థం. మూల ప్రమాణాన్ని మార్చలేదు, కొత్త ఫార్మాట్ కనిపెట్టలేదు. అయినా వెబ్ పేజీల మీద భూగోళాలు తిరిగాయి, జెండాలు రెపరెపలాడాయి.

చూపించే సాధనం సరే, మరి బొమ్మలు తయారయ్యేదెక్కడ? బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఫొటోషాప్‌కు 1994లో 3.0 వెర్షన్‌తో లేయర్లు, అంటే పొరలు, వచ్చాయి. బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ తయారుచేసిన అలాంటి సాఫ్ట్‌వేరే గింప్. అది 1996లో ఉచితంగా అందరి ముందుకొచ్చి, కొద్దికాలానికే లేయర్లను నేర్చుకుంది. లేయర్లు పుట్టింది ఒక చిత్రం మీద మరో చిత్రాన్ని పేర్చడానికి. ఆ దొంతరను ఒకదాని తర్వాత ఒకటిగా చూపిస్తే అదే యానిమేషన్. స్థలంలో పేర్చినదాన్ని కాలంలో పరిచారన్నమాట. పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీద కదిలే భాగాలను మాత్రమే గీసి, వెనుక దృశ్యాన్ని అలాగే ఉంచే పద్ధతి కార్టూన్ చిత్రాలకు 1910ల నుంచీ తెలుసు. ఆ పాత పనితనమే మళ్లీ తెర మీదికొచ్చింది. ఫొటోషాప్ తయారుచేసే అడోబి 1998లో ఇమేజ్‌రెడీ అనే వేరే సాధనం తెచ్చి, 2007 నాటికి ఆ యానిమేషన్ పనిని ఫొటోషాప్‌లోనే కలిపేసింది.

మధ్యలో ఒక పెద్ద గండం. వెల్చ్ పద్ధతి మీద పేటెంట్ యూనిసిస్ కంపెనీది. జిఫ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు రుసుము కట్టాలని 1994 చివర్లో ప్రకటన వెలువడింది. ఆ ప్రకటన రేపిన కోపంలోంచి పుట్టిన పీఎన్‌జీ అనే ఫార్మాట్ 1996లో ప్రమాణమైంది. రంగుల్లో జిఫ్‌ను మించింది, కానీ అప్పట్లో ఒక ఫైల్లో ఒకే బొమ్మ పట్టేది. కదిలే బొమ్మ కావాలంటే చాలామందికి జిఫే దిక్కయింది. అమెరికాలో ఆ పేటెంట్ గడువు 2003 జూన్‌లో తీరింది.

ఇప్పుడు గింప్‌లో వెలిగే ప్రమిద చేయాలనుకోండి. అన్నిటికన్నా అడుగున ఉన్న లేయరే మొదటి ఫ్రేము. అక్కడ నల్లటి నేపథ్యం మీద ప్రమిద, జ్వాల గీయాలి. పై లేయర్లలో జ్వాలను కాస్త ఎడమకు, కాస్త కుడికి, కాస్త పొడుగ్గా గీయాలి. ప్రతి జ్వాల చుట్టూ కొంత నలుపునూ చేర్చాలి, లేకపోతే పాత జ్వాల కింది నుంచి కనిపిస్తూనే ఉంటుంది. ప్రతి లేయర్ పేరు పక్కన బ్రాకెట్లలో అది నిలవాల్సిన సమయాన్ని మిల్లీసెకన్లలో రాయాలి. జిఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు యానిమేషన్‌గా అని, ఎప్పటికీ తిప్పమని గుర్తుపెట్టాలి. ఈ చివరి గుర్తు ఫైల్లో రాసేది నెట్‌స్కేప్ నాటి 19 బైట్లనే.

నేడు ఫోన్లలో జిఫ్ పేరుతో తిరిగేవాటిలో చాలావరకు లోపల చిన్న వీడియోలే. అయినా ఆ పేరూ, ఆగకుండా తిరిగే ఆ తీరూ నిలిచిపోయాయి. 2022లో కన్నుమూసిన విల్‌హైట్‌నూ, ఆయన సహచరులనూ తలచుకున్నప్పుడు నాకు గొప్పగా అనిపించేది ఆ కుదింపు నేర్పు కాదు. తమకు తోచని ఉపయోగం రేపు మరొకరికి తోచవచ్చని నమ్మి, దానికి చోటు ఉంచారు. పనిముట్లు తయారుచేసే ప్రతివారూ వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది అదే.