బీజాపూర్ పొలంలో నాగలి ఎవరి నిర్ణయం?

1905లో బస్తర్ సంస్థానపు అడవుల్లో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని వలస ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడు, వేట, అటవీ ఫలసాయ సేకరణ ఆగిపోతాయన్న భయానికి వెట్టిచాకిరీ, శిస్తుల భారం, కరువులు తోడై 1910లో భూంకాల్ తిరుగుబాటుగా బద్దలయ్యాయి. ఊరూరా తిరిగిన పిలుపు సంకేతాల్లో మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాలతోపాటు ఒక మట్టిగడ్డ కూడా ఉండేది. సైన్యం తిరుగుబాటును అణచివేసింది. కానీ రిజర్వు విస్తీర్ణం మాత్రం మొదట అనుకున్నదానిలో దాదాపు సగానికి తగ్గింది.

ఈ ఘట్టాన్ని అడవి హక్కుల పోరాటంగానే చెప్పుకోవడం అలవాటు. తండ్రి నుంచి కొడుక్కి గొడ్డలి దక్కాలా, నాగలి దక్కాలా అన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది. కొండ మాడియాలది పెందా సేద్యం. అడవి నరికి, ఎండిన కొమ్మలు కాల్చి, వానలు పడగానే బూడిదలో గింజలు చల్లేవారు. కొన్నేళ్లకు ఆ చోటు విడిచి మరోచోటికి సాగేవారు. గొడ్డలి, కొడవలి ఉంటే బతుకు గడిచేది. 1938లో బస్తర్ మాడియాలపై పుస్తకం ప్రచురించిన గ్రిగ్సన్, కొండల మీది పెందా సేద్యాన్నీ మైదానపు మాడియాల నాగలి సేద్యాన్నీ వేరుగా చూపాడు. పెందాలో వారసత్వమంటే గట్టుకీ గట్టుకీ మధ్య నేల కాదు, తెగకున్న ప్రాంతంలో సాగు చేసుకునే హక్కు. నాగలి వచ్చాక గట్టు వచ్చింది. గట్టు వెంట పట్టా, పట్టా వెంట శిస్తు. పాలకులకు స్థిరసేద్యం అంతగా నచ్చడానికి కారణం పంట దిగుబడి ఒక్కటే కాదు.

నేల సంగతి వేరు. బస్తర్ రైతు తన పొలాన్ని మర్హాన్, టిక్రా, మాల్, గభార్ అని విభజిస్తాడు. ఎగువన ఉన్న మర్హాన్‌లో మట్టి పలచన, తేమ నిలవదు; కొర్ర, సామ వంటి చిరుధాన్యాలకే అనువు. అక్కడ ఎడ్లు లాగే తేలికపాటి కర్రనాగలి పైమట్టిని కదిలిస్తే సరిపోతుంది. లోతుగా దున్నితే ఉన్న కాస్త మట్టీ తొలి వానకే కొట్టుకుపోతుంది. దిగువన ఉన్న గభార్ వరిపొలం; దమ్ముకు బలమైన పనిముట్టు కావాలి, కానీ బరువైన ట్రాక్టరు ఆ బురదలో దిగబడుతుంది. కేజ్‌వీల్స్ బిగించిన పవర్ టిల్లర్ అక్కడ మేలు. ఒకే కుటుంబానికి రెండు రకాల నేలా ఉంటే ఒకే యంత్రం కొని సరిపెట్టుకోవడం కుదరదు.

2005 జూన్‌లో కుట్రు ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, వేలాదిమంది నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు చేరారు. ప్రత్యేక పోలీసు అధికారుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పేసరికి ఆరేళ్లు గడిచాయి. దున్నని పొలంలో ఆరేళ్లలో పొదలు చెట్లవుతాయి. ఇంటి ఎడ్లు మిగలవు. తిరిగొచ్చిన కొడుకు చేతిలో మొదట ఉండాల్సింది మళ్లీ గొడ్డలే!

ఆ గొడ్డలితో కొత్త చిక్కు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే, అదీ నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు ఇస్తుంది. ఊరు కాలిపోయి ఆరు నెలల ముందే పారిపోయినవాడు ఆ తేదీన తాను సాగులో ఉన్నానని ఎలా రుజువు చేసుకోవాలి? తొలగించిన పొదను అధికారి పాత పొలంగా చూస్తాడా, కొత్త ఆక్రమణగా చూస్తాడా?

హక్కు పత్రం దక్కినా అది వారసులకు సంక్రమిస్తుందే తప్ప అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. భూమి చేజారకుండా కాపాడే మంచి నిబంధన అది. అదే నిబంధన వల్ల బ్యాంకు ఆ భూమిని తాకట్టుగా తీసుకోదు. పూచీకత్తు లేని వ్యవసాయ రుణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. ట్రాక్టరు ఖరీదు దానికి కొన్ని రెట్లు. యాంత్రీకరణ పథకం కింద ఆదివాసీ రైతులకు సగం వరకు రాయితీ ఉంది. మిగతా సగం, దరఖాస్తుకు జతచేసే కాగితాలు రైతే సమకూర్చుకోవాలి.

ఏటా మిరప కోతలకు తెలంగాణకు వచ్చే బస్తర్ యువకులు ఇక్కడి పొలాల్లో ట్రాక్టర్లు, రోటావేటర్లు చూసి వెళుతున్నారు. కూలిడబ్బుతో తామూ ఒకటి కొనాలన్న ఆశ సహజమే. అయితే మావోయిస్టు సమస్య అంతానికి 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకున్న కేంద్రం రోడ్లనూ శిబిరాలనూ లెక్కించినంత శ్రద్ధగా ఎడ్ల జతలను లెక్కించలేదు. బీజాపూర్ వైపు రైతుకు ఈ ఖరీఫ్‌కు కావలసింది మర్హాన్‌కు ఒక ఎడ్ల జత, నాగటి కర్రుకు పదును పెట్టే కమ్మరి, గభార్ దమ్ముకు నాలుగైదు రోజులు అద్దెకు దొరికే టిల్లర్. ఇంద్రావతి అవతల వంతెన లేని ఊళ్లకు వానాకాలంలో ఆ టిల్లర్ పడవ మీదే చేరాలి.